కెమెరాలోని ఫొటోలు డిజిటల్ ఫొటో ఫ్రేమ్‌లో రావడం లేదా? ఇలా ఒక్కొక్కటీ చూసుకుంటూ రండి

కెమెరాను కేబుల్‌తో డిజిటల్ ఫొటో ఫ్రేమ్‌కి కలిపితే ఏమీ రావడం లేదేమిటని చాలామంది అడుగుతున్నారు. ఒకరికి తెర మీద ‘నో డివైస్’ అని వస్తుంది. ఇంకొకరికి కార్డు పెడితే గుర్తుపడుతుంది గానీ ‘నో పిక్చర్స్’ అంటుంది. మరొకరికి నాలుగు ఫొటోలు బాగానే తిరిగి ఐదో దాని దగ్గర ఫ్రేమ్ బిగుసుకుపోతుంది. అందరూ దీన్ని కనెక్షన్ ప్రాబ్లమ్ అనే అంటారు. లోపం మాత్రం చాలావరకు మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట ఉంటుంది: కేబుల్ లేదా పోర్టులో, మెమరీ కార్డులో, ఫొటో ఫైలులో. అది ఎక్కడో తేల్చుకోకుండా అన్నీ ఒకేసారి మార్చుకుంటూ పోతే సాయంత్రం గడిచిపోతుంది గానీ ఫొటో రాదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. కెమెరానూ ఫ్రేమ్‌నూ కేబుల్‌తో నేరుగా కలపడం మీద ఎక్కువ ఓపిక ఖర్చు పెట్టకండి. చాలా ఫ్రేమ్‌లకు ఆ పని చేతకాదు. కార్డు తీసి ఫ్రేమ్‌లో పెట్టడం, లేదా ఫొటోలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టడం, ఇవే నమ్మకమైన దారులు. కేబుల్ దారి కూడా కింద చెప్పాను. అది కుదిరితే మంచిదే, కుదరకపోతే దాన్ని పట్టుకుని వేలాడకండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కెమెరా, నిండా ఛార్జ్ చేసిన బ్యాటరీ
- ఫ్రేమ్, దానితో వచ్చిన సొంత అడాప్టర్ (ఫోన్ ఛార్జర్ కాదు)
- 32 జీబీ లేదా అంతకన్నా తక్కువ సైజున్న ఎస్‌డీ కార్డు, ఖాళీది
- 32 జీబీ లేదా అంతకన్నా తక్కువ పెన్‌డ్రైవ్
- కార్డ్ రీడర్, ఒకే స్లాట్ ఉన్నదైతే మేలు
- కంప్యూటర్
- ఫ్రేమ్ మాన్యువల్. పోయి ఉంటే ఫ్రేమ్ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ చూసి, తయారుచేసిన కంపెనీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ వెతకండి. అందులో ‘స్పెసిఫికేషన్స్’ పేజీ ఒక్కటి చాలు.

మొదలుపెట్టే ముందు కార్డులో ఉన్న ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. ఈ పని వాయిదా వేయకండి. ఫ్రేమ్ రిమోట్‌లో ‘డిలీట్’ నొక్కితే పోయేది కార్డులోని అసలు ఫొటోనే. కార్డు చదవలేనప్పుడు కొన్ని ఫ్రేమ్‌లు ‘ఫార్మాట్ చేయమంటారా?’ అని కూడా అడుగుతాయి. కంగారులో ‘యెస్’ నొక్కితే కార్డు ఖాళీ అయిపోతుంది.

1. ముందు ఒక్క ఫొటోతో పరీక్ష పెట్టండి

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. దీన్ని దాటేసి కిందికి వెళ్లకండి.

కంప్యూటర్‌లో ఏదో ఒక జేపెగ్ ఫొటో తెరవండి. విండోస్ అయితే పెయింట్ చాలు. ‘రీసైజ్’ నొక్కి వెడల్పు 800 పిక్సెళ్ల దగ్గర పెట్టండి. ‘సేవ్ యాజ్’లో జేపెగ్ ఎంచుకుని ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్న పేరు పెట్టండి, ‘టెస్ట్1’ లాంటిది. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే ఒక పద్ధతి) ఫార్మాట్ చేసి, ఈ ఒక్క ఫైలునే ఏ ఫోల్డర్‌లోనూ పెట్టకుండా బయటే ఉంచండి. సేఫ్‌గా ఎజెక్ట్ చేసి తీయండి. ఫ్రేమ్ ఆపేసి, పెన్‌డ్రైవ్ పెట్టి, అప్పుడు ఆన్ చేయండి. మీ ఫ్రేమ్‌కి పెన్‌డ్రైవ్ పట్టే పోర్టు లేకపోతే ఇదే పని ఎస్‌డీ కార్డుతో చేయండి.

ఫొటో వచ్చిందంటే ఫ్రేమ్ బాగానే ఉంది. ఇక లోపం మీ కార్డులోనో, మీ ఫొటో ఫైళ్లలోనో, కేబుల్‌లోనో ఉంది. నేరుగా రెండో అడుగుకి వెళ్లండి.

రాకపోతే ఇంకొక్కటి చూడండి. ఫ్రేమ్ మెనూలో ‘సోర్స్’ లేదా ‘మెమరీ’ అనే చోట ఇంటర్నల్ మెమరీ, ఎస్‌డీ, యూఎస్‌బీ అని విడివిడిగా ఉంటాయి. చాలా ఫ్రేమ్‌లు కార్డు పెట్టినా ఇంటర్నల్ మెమరీలోని పాత ఫొటోలనే తిప్పుతూ ఉంటాయి, లేదా కంపెనీ పెట్టిన నాలుగు పూల బొమ్మలు చూపిస్తాయి. సోర్స్ మార్చగానే మీ ఫొటో వచ్చేస్తుంది. ‘కార్డు చదవడం లేదు’ అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తీరిపోతాయి.

సోర్స్ మార్చినా రాలేదా? ఇంకో పెన్‌డ్రైవ్‌తోనూ, ఎస్‌డీ కార్డుతోనూ అదే పరీక్ష చేయండి. దేనిలోంచీ రాకపోతే చివరి అడుగుకి వెళ్లండి. మధ్యలోవి మీకు అక్కర్లేదు.

2. ఫ్రేమ్ వెనక పోర్టులు చూడండి

యూఎస్‌బీలో ఒక వైపు అడిగేది ఉండాలి, మరో వైపు ఇచ్చేది ఉండాలి. అడిగేదాన్ని హోస్ట్ అంటారు. కంప్యూటర్ హోస్ట్. కెమెరాది ఇచ్చే వైపు. ఫ్రేమ్‌కి ఉన్న చిన్న పోర్టు, అంటే మినీ యూఎస్‌బీ లేదా మైక్రో యూఎస్‌బీ, సాధారణంగా ఫ్రేమ్‌ని కంప్యూటర్‌కి కలిపి ఫొటోలు ఎక్కించడానికి పెట్టింది. అక్కడ ఫ్రేమ్ కూడా ఇచ్చే వైపే. అందులోకి కెమెరా కేబుల్ పెడితే ఇద్దరూ పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చునే చుట్టాల్లా ఉండిపోతారు, పిలిచేవాళ్లు ఉండరు. కేబుల్ ఎంత మంచిదైనా, ఎన్ని అడాప్టర్లు తగిలించినా అంతే.

పెన్‌డ్రైవ్ పట్టే పెద్ద దీర్ఘచతురస్రాకార పోర్టు ఉంటే ఫ్రేమ్ హోస్ట్‌గా పనిచేస్తుందన్నమాట. కేబుల్ ప్రయత్నం అందులోనే చేయాలి. టైప్-సీ పోర్టు అయితే మాన్యువల్ చూడాల్సిందే. కొన్ని ఫ్రేమ్‌లలో అది కరెంటు కోసం మాత్రమే.

పెద్ద పోర్టు లేకపోతే మూడో అడుగు వదిలేసి నాలుగో దానికి వెళ్లండి.

3. కేబుల్‌తో కలిపి చూడాలనుకుంటే

ముందు కేబుల్‌ని అనుమానించండి. కెమెరాను అదే కేబుల్‌తో కంప్యూటర్‌కి కలపండి. ఫొటోలు కనిపిస్తే కేబుల్ మంచిదే. కెమెరా ఛార్జ్ అవుతోంది గానీ కంప్యూటర్‌లో కనిపించడం లేదంటే అది ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయి ఉండవచ్చు. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి, రెండు కరెంటుకి, రెండు డేటాకి. చవక ఛార్జింగ్ కేబుళ్లలో ఆ రెండో జత ఉండకపోవచ్చు. పైకి చూస్తే తేడా తెలియదు.

తర్వాత కెమెరా మెనూలో ‘యూఎస్‌బీ కనెక్షన్’ లేదా ‘యూఎస్‌బీ మోడ్’ వెతకండి. అక్కడ ‘మాస్ స్టోరేజ్’ ఉంటే అది ఎంచుకోండి. ఆ మోడ్‌లో కెమెరా తనను తాను పెన్‌డ్రైవ్‌గా చూపించుకుంటుంది, ఫ్రేమ్‌కి అర్థమయ్యేది అదే. ‘పీటీపీ’ లేదా ‘ఎంటీపీ’ అనేవి వేరే పద్ధతులు. కంప్యూటర్లకు అవి వచ్చు, చాలా ఫ్రేమ్‌లకు రావు. సోనీ కెమెరాల్లో చాలావాటికి మాస్ స్టోరేజ్ ఆప్షన్ ఉంటుంది. కానన్ కెమెరాలు సాధారణంగా పీటీపీలోనే మాట్లాడతాయి, మెనూలో వెతికినా ఆ ఆప్షన్ దొరకదు. మీ కెమెరా అలాంటిదైతే ఇక్కడితో కేబుల్ చుట్టి పక్కన పెట్టేయండి. ‘పిక్ట్‌బ్రిడ్జ్’ అని కనిపిస్తే అది ప్రింటర్ల కోసం, దాన్ని ఎంచుకోకండి.

కలిపే వరస: ఫ్రేమ్ ఆన్, కెమెరా ఆఫ్. కేబుల్ పెట్టండి. అప్పుడు కెమెరా ఆన్ చేసి అర నిమిషం ఆగండి. రాకపోతే కెమెరాలో ప్లేబ్యాక్ బటన్ నొక్కి చూడండి, కొన్ని పాత కెమెరాలు ఆ మోడ్‌లో ఉంటేనే ఫొటోలు బయటికి ఇస్తాయి. కెమెరాలో వైఫై ఆన్‌లో ఉంటే ఆపేయండి. వైఫై నడుస్తున్నంత సేపూ యూఎస్‌బీని పట్టించుకోని కెమెరాలున్నాయి. ‘ఆటో పవర్ ఆఫ్’ కూడా తీసేయండి. ఫొటోలు రెండు నిమిషాలు తిరిగి ఠక్కున ఆగిపోతున్నాయంటే కెమెరా నిద్రపోయిందని అర్థం.

అన్నీ కుదిరినా ఈ దారి నాకు నచ్చదు. ఫొటోలు తిరిగినంత సేపూ కెమెరా ఆన్‌లో ఉండాలి, బ్యాటరీ అయిపోతుంది. మీ ఫ్రేమ్‌లో ‘కాపీ టు ఇంటర్నల్ మెమరీ’ ఉంటే ఒకసారి కాపీ చేసుకుని కెమెరా తీసేయండి. అంతకన్నా తేలిక పని: కెమెరాలోంచి కార్డు తీసి, కార్డ్ రీడర్‌లో పెట్టి, రీడర్‌నే ఫ్రేమ్ యూఎస్‌బీ పోర్టులో గుచ్చండి. ఫ్రేమ్ దృష్టిలో అది పెన్‌డ్రైవ్. నాలుగైదు స్లాట్లున్న రీడర్ అయితే ఫ్రేమ్ మొదటి స్లాట్‌నే చూసి మిగతావి వదిలేయవచ్చు. ఒకే స్లాట్‌ది తీసుకోమన్నది అందుకే.

4. కార్డు సంగతి తేల్చండి

ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

కార్డు మీద ఏం అచ్చేసి ఉందో చదవండి. ఎస్‌డీ అని మాత్రమే ఉంటే 2 జీబీ వరకు. ఎస్‌డీహెచ్‌సీ అంటే 32 జీబీ వరకు. ఎస్‌డీఎక్స్‌సీ అంటే ఆ పైన, 64 జీబీ నుంచి. మూడూ ఒకే ఆకారం, ఏ స్లాట్‌లోనైనా చక్కగా దూరతాయి. దూరినంత మాత్రాన చదువుతుందని కాదు. ఎస్‌డీహెచ్‌సీ 2006లో, ఎస్‌డీఎక్స్‌సీ 2009లో వచ్చాయి. మీ ఫ్రేమ్ అంతకు ముందుదైతే ఆ కార్డు దానికి తెలియనే తెలియదు. ఫ్రేమ్ స్లాట్ పక్కన ఉన్న గుర్తు చూడండి, ఎస్‌డీహెచ్‌సీ అని మాత్రమే ఉంటే 64 జీబీ కార్డు మీద ఆశ పెట్టుకోకండి.

ఎస్‌డీఎక్స్‌సీతో ఇంకో చిక్కు ఫార్మాట్. కెమెరాలు 64 జీబీ, ఆ పైన కార్డులను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తాయి. 4 నుంచి 32 జీబీ వరకు ఫ్యాట్32. చాలా ఫ్రేమ్‌లకు వచ్చింది ఫ్యాట్32 ఒక్కటే. మీ కార్డు ఏదో తెలుసుకోవాలంటే కంప్యూటర్‌లో పెట్టి, డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ‘ప్రాపర్టీస్’లో ‘ఫైల్ సిస్టమ్’ అన్న చోట చూడండి.

64 జీబీ కార్డుని కంప్యూటర్‌లో బలవంతంగా ఫ్యాట్32 చేయవచ్చు, అప్పుడు కొన్ని పాత ఫ్రేమ్‌లు దాన్ని చదువుతాయి కూడా. కానీ మళ్లీ ఎప్పుడో కెమెరాలో పెట్టి ఫార్మాట్ నొక్కగానే అది ఎక్స్‌ఫ్యాట్ అయిపోతుంది. నెల కిందట బాగా పనిచేసిన కార్డు ఇప్పుడెందుకు రావడం లేదో అర్థం కాక తల పట్టుకునేది అప్పుడే. నా సలహా ఒక్కటే: కెమెరా కార్డు కెమెరాకే ఉంచండి. ఫ్రేమ్ కోసం 8 లేదా 16 జీబీ కార్డు విడిగా పెట్టుకోండి. అందులో కెమెరా తీసిన అసలు ఫైళ్లు కాకుండా, ఆరో అడుగులో చెప్పినట్టు చిన్నవి చేసిన ఫొటోలు పెట్టండి. వేల ఫొటోలు పట్టి ఇంకా చోటు మిగులుతుంది.

మ్యాక్‌లో ఫార్మాట్ చేసేవాళ్లకు: డిస్క్ యుటిలిటీలో ‘ఎంఎస్-డాస్ ఫ్యాట్’ ఎంచుకోండి. స్కీమ్ అడిగితే ‘మాస్టర్ బూట్ రికార్డ్’ పెట్టండి. అక్కడ ‘జీయూఐడీ పార్టిషన్ మ్యాప్’ అని ఉన్నది పెడితే కంప్యూటర్‌కి బాగానే కనిపిస్తుంది, ఫ్రేమ్‌కి మాత్రం కార్డు ఖాళీగా ఉన్నట్టో, పాడైనట్టో తోస్తుంది.

కార్డు విషయంలో మిగతావి త్వరగా చూసేయండి:

- మైక్రో ఎస్‌డీని అడాప్టర్‌లో పెట్టి వాడుతున్నారా? ముందు అడాప్టర్ మార్చండి. లోపలి స్పర్శ వదులైతే ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా పోతుంది.
- కార్డు అంచున ఉన్న చిన్న లాక్ జారిపోయి ఉంటే ఫొటోలు చదవడం జరుగుతుంది గానీ తొలగించడం, రాయడం కుదరదు. ఫ్రేమ్‌లో ‘డిలీట్’ పనిచేయకపోవడానికి అది కారణం కావచ్చు.
- పిన్నులు మసకగా ఉంటే పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. నీళ్లు వద్దు, గీకడం వద్దు.
- కార్డు స్లాట్‌లో ‘క్లిక్’ మనే దాకా వెళ్లిందా? కొన్ని ఫ్రేమ్‌లలో స్లాట్‌కి క్లిక్ ఉండదు, కార్డు సగం బయటే ఉంటుంది. అక్కడ బలం ఉపయోగించకండి. దూరడం లేదంటే తిరగేసి పెడుతున్నారేమో చూడండి.
- ఎక్స్‌డీ, మెమరీ స్టిక్, కాంపాక్ట్ ఫ్లాష్ లాంటి పాత కార్డులు, సీఎఫ్ఎక్స్‌ప్రెస్ లాంటి కొత్తవి ఫ్రేమ్‌లో పట్టకపోతే అడాప్టర్ల కోసం తిరగకండి. తగిన రీడర్‌తో కంప్యూటర్‌లోకి దించి, ఎస్‌డీ కార్డులోకి ఎక్కించండి.

5. కార్డు చదువుతోంది, ఫొటోలే రావడం లేదు

తెర మీద ‘నో పిక్చర్స్’, ‘అన్‌సపోర్టెడ్ ఫార్మాట్’ లేదా విరిగిన బొమ్మ గుర్తు వస్తుంటే లోపం ఫైల్లో ఉంది. కార్డుని ఇక వదిలేయండి.

ఫ్రేమ్‌లకు బాగా వచ్చిన భాష జేపెగ్. మీ కెమెరా ‘రా’ మోడ్‌లో (ఫొటోని జేపెగ్ చేయకుండా ముడి సరుకుగా దాచే పద్ధతి) ఉంటే ఫైళ్ల చివర సీఆర్2, సీఆర్3, ఎన్‌ఈఎఫ్, ఏఆర్‌డబ్ల్యూ లాంటివి ఉంటాయి. వాటిని ఫ్రేమ్ అసలు లెక్కలోకే తీసుకోదు. ఇకమీదట ‘రా+జేపెగ్’ పెట్టుకోండి. ఇప్పటికే తీసిన వాటికి చాలా కెమెరాల ప్లేబ్యాక్ లేదా రీటచ్ మెనూలో ‘రా ప్రాసెసింగ్’ ఉంటుంది, అక్కడే జేపెగ్ చేసుకోవచ్చు. కానన్, సోనీ, ఫ్యూజీ కొత్త కెమెరాల్లో కొన్నింటికి హెచ్‌ఈఐఎఫ్ (జేపెగ్ కాని మరో ఫొటో ఫైలు రకం) ఆప్షన్ కూడా ఉంది. అది ఆన్ అయి ఉందేమో చూడండి. ఐఫోన్ ఫొటోలు కూడా కలిపి ఎక్కిస్తుంటే అవి 2017 నుంచి అదే కోవకు చెందిన హెచ్‌ఈఐసీలో వస్తున్నాయి. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో ‘మోస్ట్ కంపాటిబుల్’ పెడితే ఆ తర్వాత తీసేవి జేపెగ్‌లో వస్తాయి.

ఒక తప్పు పదే పదే కనిపిస్తుంది. ఫైలు పేరు చివర హెచ్‌ఈఐసీ తీసేసి జేపీజీ అని రాసేస్తారు. పేరు మారింది గానీ లోపలి సరుకు అదే. మార్చాల్సింది పేరు కాదు, ఫైలుని తెరిచి జేపెగ్‌గా ‘సేవ్ యాజ్’ లేదా ‘ఎక్స్‌పోర్ట్’ చేయాలి.

జేపెగ్ అయినా రావడం లేదా? అప్పుడు ఈ నాలుగూ చూడండి.

మొదటిది ప్రోగ్రెసివ్ జేపెగ్. జేపెగ్‌లో బేస్‌లైన్, ప్రోగ్రెసివ్ అని రెండు రకాలు. కెమెరా నుంచి వచ్చేవి బేస్‌లైన్. ఎడిటింగ్ చేసి వెబ్ కోసం సేవ్ చేసినవి ప్రోగ్రెసివ్ కావచ్చు. కంప్యూటర్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. చాలా ఫ్రేమ్‌లు రెండోదాన్ని తెరవలేవు. కెమెరా ఫొటోలు వచ్చి, ఎడిట్ చేసినవి మాత్రం రాకపోతే ఇదే అయి ఉంటుంది. ఎడిటర్‌లో సేవ్ చేసేటప్పుడు ‘ప్రోగ్రెసివ్’ టిక్ తీసేయండి, లేదా ఫొటోని పెయింట్‌లో తెరిచి కొత్త పేరుతో జేపెగ్‌గా సేవ్ చేయండి.

రెండోది సీఎంవైకే రంగులు. ప్రింటింగ్ కోసం తయారుచేసిన ఫొటోలు, ఆల్బమ్ డిజైన్ పేజీలు ఇలా ఉంటాయి. ఫ్రేమ్‌లో అవి రావు, లేదా రంగులు తలకిందులై దయ్యాల్లా వస్తాయి. తెరల కోసం వాడే ఆర్‌జీబీ రంగులకి మార్చి సేవ్ చేయాలి.

మూడోది పిక్సెళ్లు. మాన్యువల్‌లో ‘మాక్సిమమ్ రిజల్యూషన్’ అని ఒక అంకె ఉంటుంది. మీ ఫొటో అంతకు మించితే ఫ్రేమ్ దాన్ని దాటేస్తుంది, లేదా అక్కడే బిగుసుకుపోతుంది.

నాలుగోది పేర్లు, ఫోల్డర్లు. కెమెరా ఫొటోలను ‘డీసీఐఎం’ ఫోల్డర్‌లో, దాని లోపల 100తో మొదలయ్యే ఇంకో ఫోల్డర్‌లో పెడుతుంది. నాలుగు అక్షరాలు, నాలుగు అంకెల పేర్లు ఇస్తుంది. ఫ్రేమ్‌లకు ఈ పద్ధతి అలవాటే. మీరు ‘ఫొటోలు’, దానిలో ‘2023’, దానిలో ‘పెళ్లి’, దానిలో ‘రిసెప్షన్’ అని లోపలికి లోపలికి పెడితే కొన్ని ఫ్రేమ్‌లు అంత లోతుకి దిగవు. ఫైలు పేర్లు తెలుగులో పెడితే డబ్బాలు కనిపించవచ్చు, ఫొటో రాకపోవచ్చు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, ఒకే ఫోల్డర్, అలా ఉంచితే గొడవ ఉండదు. పాత 2 జీబీ కార్డులకు ఇంకో పరిమితి ఉంది. అవి ఫ్యాట్16 కాబట్టి ఏ ఫోల్డర్‌లోనూ పెట్టకుండా బయట ఉంచగలిగే ఎంట్రీలు 512 మాత్రమే, పొడుగు పేర్లయితే ఇంకా తక్కువ. కార్డులో చోటున్నా ‘ఫుల్’ అంటే ఫోల్డర్ చేసి అందులో పెట్టండి.

మ్యాక్ నుంచి కాపీ చేసినవాళ్లకు ప్రత్యేకంగా ఒకటి. ప్రతి ఫొటో తర్వాత ఒక నల్ల తెరో, ఎర్రర్ మెసేజో వస్తోందా? మ్యాక్ ప్రతి ఫైలుకీ తోడుగా, పేరు ముందు చుక్క, అండర్‌స్కోర్ పెట్టి ఒక దాచిన ఫైలు రాస్తుంది. దాని చివర కూడా జేపీజీ అనే ఉంటుంది కాబట్టి ఫ్రేమ్ అది కూడా ఫొటో అనుకుంటుంది. కార్డుని విండోస్ కంప్యూటర్‌లో పెట్టి, దాచిన ఫైళ్లు కనిపించేలా చేసి, కొన్ని కేబీల సైజులో ఉండే వాటిని తొలగించండి. అసలు ఫొటోలు వందల కేబీలు, ఎంబీలు ఉంటాయి, పొరబడే అవకాశం తక్కువ.

6. ఫొటోలను ఫ్రేమ్ సైజుకి తయారుచేయండి

ఇది తప్పనిసరి కాదు. చేస్తే మాత్రం సగం టెన్షన్ తగ్గుతుంది.

లెక్క చూడండి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో 6000×4000 పిక్సెళ్లు, అంటే 2.4 కోట్లు. 1024×600 తెర ఉన్న ఫ్రేమ్‌లో పిక్సెళ్లు సుమారు 6.14 లక్షలు. ఆరు లక్షల చుక్కలు చూపించడానికి ఆ చిన్న ప్రాసెసర్ రెండు కోట్ల పైచిలుకు చుక్కల్ని విప్పుకోవాలి. ఒక్కో ఫొటోకి ఐదారు సెకన్లు తెర నల్లగా ఉండిపోయేది, మధ్యలో బిగుసుకుపోయేది అందుకే. పొడుగు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి తగ్గించండి. తెరకి కావలసినదానికన్నా అది ఎక్కువే.

ఆకారం తేడా కూడా ఇక్కడే తేల్చుకోండి. డీఎస్‌ఎల్‌ఆర్ ఫొటో 3:2. దాన్ని పైన చెప్పిన తెర మీద పూర్తిగా పట్టేలా చూపిస్తే 900×600 వస్తుంది, రెండు పక్కలా 62 పిక్సెళ్ల చొప్పున నల్ల పట్టీలు మిగులుతాయి. పట్టీలు లేకుండా నింపమంటే ఎత్తులో దాదాపు 12 శాతం కోసేస్తుంది. గ్రూప్ ఫొటోల్లో వెనక వరసలో నిల్చున్నవాళ్ల తలలు పోయేది అలాగే. ఫ్రేమ్ మెనూలో ‘ఫిట్’, ‘ఫిల్’, ‘స్ట్రెచ్’ అని ఉంటాయి. ‘ఫిట్’ పెట్టండి. ‘స్ట్రెచ్’ పెడితే అందరూ ఒళ్లు చేసినట్టు కనిపిస్తారు.

నిలువు ఫొటోలు పడుకుని వస్తున్నాయా? కెమెరా ఫొటోని తిప్పదు, ‘దీన్ని తిప్పి చూపించు’ అని ఎక్సిఫ్ డేటాలో (ఫైలు లోపలే దాచి ఉంచే వివరాలు) ఒక గుర్తు మాత్రం రాస్తుంది. కంప్యూటర్ ఆ గుర్తు చదువుతుంది, చాలా ఫ్రేమ్‌లు చదవవు. కంప్యూటర్‌లో ఒకసారి తిప్పి సేవ్ చేస్తే సరి. ఫ్రేమ్ రిమోట్‌తో తిప్పినా వస్తుంది గానీ కొన్ని ఫ్రేమ్‌లు ఆపేసి ఆన్ చేయగానే అది మరిచిపోతాయి.

రంగులు వెలిసిపోయినట్టుంటే కెమెరాలో ‘కలర్ స్పేస్’ అడోబ్ ఆర్‌జీబీ అని ఉందేమో చూసి ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి. ఫొటో ఫైలు పేరు అండర్‌స్కోర్‌తో మొదలైతే అది అడోబ్ ఆర్‌జీబీలో తీసిందని గుర్తు.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు ఫ్రేమ్‌కి పనికొస్తాయా అని అడుగుతుంటారు. నిక్షేపంగా పనికొస్తాయి, ఈ చిన్న తెరకి ఆ సైజు చాలు. తీసిన తేదీ మాత్రం వాటిలో పోతుంది, కాబట్టి తేదీ వరసలో తిప్పమంటే అవి ఎక్కడెక్కడో వస్తాయి. వరస ముఖ్యమైతే పేర్ల ముందు 001, 002 అని అంకెలు వేసి, ఫ్రేమ్‌లో ‘సార్ట్ బై నేమ్’ పెట్టండి.

7. వైఫై ఫ్రేమ్ అయితే

ఇక్కడ కేబుల్, కార్డు గొడవ తక్కువ, వేరే తికమక ఉంటుంది. కెమెరా వైఫై, ఫ్రేమ్ వైఫై నేరుగా మాట్లాడుకోవు. మధ్యలో ఫోన్ కావాలి. కెమెరా నుంచి ఫోన్‌కి కానన్ అయితే కెమెరా కనెక్ట్, నికాన్ అయితే స్నాప్‌బ్రిడ్జ్ లాంటి యాప్. ఫోన్ నుంచి ఫ్రేమ్‌కి ఫ్రేమ్ కంపెనీ చెప్పిన యాప్.

రెండు పనులూ ఒకేసారి చేయబోయి ఇరుక్కుంటారు. కెమెరా తన సొంత వైఫై వేస్తుంది, ఫోన్ దానికి కలిసినంత సేపూ ఫోన్‌కి వైఫై ద్వారా ఇంటర్నెట్ ఉండదు. ‘ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు’ అని ఫోన్ హెచ్చరిస్తే ‘అలాగే ఉండు’ అనే దాన్ని నొక్కండి, లేకపోతే ఫోన్ దానంతట అదే ఇంటి వైఫైకి వెళ్లిపోతుంది, కెమెరా తెగిపోతుంది. ఫొటోలు ఫోన్‌లోకి దిగాక కెమెరా ఆపేసి, ఇంటి వైఫైకి మారి, అప్పుడు ఫ్రేమ్ యాప్ తెరవండి. స్నాప్‌బ్రిడ్జ్‌లో 2 మెగాపిక్సెల్ సైజులో దించుకునే ఆప్షన్ ఉంది. ఫ్రేమ్ కోసమే అయితే అది పెట్టండి, త్వరగా అయిపోతుంది.

ఫ్రేమ్ సెటప్‌లో మీ వైఫై పేరే కనిపించకపోతే రౌటర్‌ని 2.4 గిగాహెర్ట్జ్‌లో కూడా నడిచేలా పెట్టండి. చాలా ఫ్రేమ్‌లకు 5 గిగాహెర్ట్జ్ అందదు. బ్రౌజర్‌లో లాగిన్ పేజీ తెరిచి పాస్‌వర్డ్ కొట్టాల్సిన హాస్టల్, ఆఫీస్ వైఫైలతో కూడా ఇవి కలవవు.

8. సరయిందో లేదో ఇలా చూసుకోండి

ఒక ఫొటో రాగానే పని అయిపోయిందనుకోకండి. ఈ వరసలో చూడండి. పరీక్ష ఫొటో వచ్చింది. దాని పక్కన కెమెరా నుంచి నేరుగా తీసిన ఒక అడ్డ ఫొటో, ఒక నిలువు ఫొటో పెట్టండి. అవి వస్తే ఎడిట్ చేసింది ఒకటి కలపండి. అదీ వస్తే అప్పుడు మొత్తం ఎక్కించండి. ప్రతిసారీ ఒక్క మార్పే చేయండి, లేకపోతే ఏది పాడు చేసిందో తెలియదు.

మొత్తం ఎక్కించాక థంబ్‌నెయిల్స్ పేజీలో ఎన్ని ఫొటోలున్నాయో, కంప్యూటర్‌లో ఆ ఫోల్డర్‌లో ఎన్నున్నాయో పోల్చండి. తేడా ఉంటే ఫ్రేమ్ కొన్నింటిని చెప్పకుండా దాటేస్తోంది. స్లైడ్‌షో ఒకే ఫొటో దగ్గర ఆగుతుంటే ఆ ఫైలుని తీసేసి మళ్లీ నడపండి. అప్పుడు దాటిపోతే తప్పు ఆ ఫైల్లోనే, దాన్ని పెయింట్‌లో కొత్తగా సేవ్ చేసి పెట్టండి. తీసేసినా అదే చోట ఆగితే కార్డు పాడవుతోందేమో అనుమానించాలి, అదే ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి చూడండి. చివరగా ఫ్రేమ్‌ని ఆపేసి, కరెంటు తీసి, మళ్లీ ఆన్ చేయండి. సోర్స్ తిరిగి ఇంటర్నల్ మెమరీకి పోకుండా కార్డు దగ్గరే ఉందా చూడండి.

వీడియోలు ఈ లెక్కలోకి రావు. కెమెరా తీసే 4కే వీడియోలు చాలా ఫ్రేమ్‌లు ఆడించలేవు. వాటిని విడి ఫోల్డర్‌లో కంప్యూటర్‌లోనే ఉంచండి.

9. పరీక్ష ఫొటో కూడా రాకపోతే

మొదటి అడుగులోనే ఆగిపోయినవాళ్లు ఇక్కడికి వస్తారు. ముందు ఫ్రేమ్‌ని దాని సొంత అడాప్టర్‌తోనే నడుపుతున్నారా చూడండి. తక్కువ కరెంటు ఇచ్చే ఛార్జర్‌తో తెర వెలుగుతుంది గానీ యూఎస్‌బీ పోర్టుకి బలం చాలదు, పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫ్రేమ్ రీస్టార్ట్ అవుతుంది. తర్వాత మెనూలో ‘ఫ్యాక్టరీ రీసెట్’. ఇంటర్నల్ మెమరీలో ఫొటోలుంటే అవి పోవచ్చు, ముందే కంప్యూటర్‌లోకి తీసుకోండి. ఫర్మ్‌వేర్ (ఫ్రేమ్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే సరిగ్గా మీ మోడల్ నంబర్‌దే వేయండి, వేస్తున్నప్పుడు కరెంటు తీయకండి. పక్క మోడల్‌ది వేస్తే ఫ్రేమ్ మళ్లీ లేవకపోవచ్చు.

ఎస్‌డీ స్లాట్ పనిచేయక యూఎస్‌బీ మాత్రం పనిచేస్తుంటే రిపేర్ ఆలోచన వద్దు, పెన్‌డ్రైవ్‌తో నడిపేయండి. స్లాట్ లోపల టార్చ్ వేసి చూస్తే ఒక పిన్ను వంగినట్టు కనిపించవచ్చు, దాన్ని సూదితో సరిచేయబోకండి. రెండూ పనిచేయకపోతే, ఇంటర్నల్ మెమరీకి కంప్యూటర్ నుంచి చిన్న పోర్టు ద్వారా ఎక్కించే అవకాశం ఒక్కటే మిగిలింది. ఫ్రేమ్ కంప్యూటర్‌లో డ్రైవ్‌లా కనిపిస్తే పరీక్ష ఫొటో అందులోకి కాపీ చేసి, ఎజెక్ట్ చేసి, కేబుల్ తీశాక చూడండి. కేబుల్ ఉన్నంత సేపూ చాలా ఫ్రేమ్‌లు స్లైడ్‌షో మొదలుపెట్టవు.